125/1ఎ ఎక్కడికి పోయింది?



అమలాపురం పక్కన ఏదో ఒక ఊరు, ఆ ఊళ్లో ఎకరం ముప్ఫై సెంట్ల కొబ్బరితోట అనుకుందాం. ఆ తోట తాలూకు దస్తావేజులన్నీ పెట్టెలోంచి తీసి, పాతవి అడుగున, కొత్తవి పైన ఉండేలా పేర్చండి. అట్టడుగు కాగితం మీద గోదావరి జిల్లా అని ఉంటుంది. 1925 తర్వాత రాసినదాని మీద తూర్పు గోదావరి జిల్లా. ఇంకొంచెం పైకి వస్తే మద్రాసు పేరు పోయి, 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్ కనిపిస్తాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి గనక అక్కణ్ణుంచి అమలాపురం మండలం. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది, కొద్ది నెలల్లో అదే డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అయింది. రాజోలు వైపు తోటయితే ఇంకో మలుపు కూడా ఉంటుంది. బాగా పాత కాగితాల్లో అది నగరం తాలూకా.

తలకట్టు ఇన్నిసార్లు మారినా తోట మాత్రం కదల్లేదు. కాగితాల్లో దాన్ని కదలకుండా పట్టుకున్నది ఆర్.ఎస్. నంబరు. ఉదాహరణకి 125/1ఎ అనుకోండి. ఆ నంబరు పట్టుకుని వకీలు గారు మద్రాసు రోజుల దాకా వెనక్కి నడిచిపోతారు, జిల్లా పేరు ఏదైనా ఆయనకి పట్టదు. పై చిరునామా మారిందే గాని లోపలి సరుకు మారలేదు కాబట్టి ఆయనకి అంత ధీమా. ఈ చివరి మాట కాస్త గుర్తుంచుకోండి, దీనితో పని పడుతుంది.

ఇవాళ నేను మాట్లాడదలచినది చరిత్ర తెగిపోకుండా రికార్డులు ఇల్లు మారడం గురించి. ఈ పని రెండు చోట్ల జరుగుతోంది. ఒకటి మన రెవెన్యూ, రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో. రెండోది రాజోలు, కొత్తపేట నుంచి వెళ్లి హైదరాబాదులోనో అమెరికాలోనో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లల కంప్యూటర్లలో. తండ్రి ఇక్కడ రీసర్వేలో పొలానికిచ్చిన కొత్త ఎల్పీఎం నంబరు కోసం గ్రామ సచివాలయం చుట్టూ తిరుగుతుంటే, కొడుకు అక్కడ సబ్‌వెర్షన్ నుంచి గిట్‌లోకి కోడు తరలిస్తుంటాడు. ఇద్దరిదీ ఒకే అవస్థ. పండక్కి ఇంటికొచ్చినప్పుడు ఒకరి గోడు ఒకరు వింటే సగం పని తేలికవుతుంది.

సాఫ్ట్‌వేర్ తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. ఒక ప్రోగ్రాముని పదిమంది కలిసి రాస్తారు. ఏ రోజు, ఎవరు, ఏ ఫైల్లో, ఏ వరస మార్చారు, ఎందుకు మార్చారు అన్నది నమోదు చేసే పద్దు ఒకటి ఉంటుంది. దాన్నే వెర్షన్ కంట్రోల్ అంటారు. తొంభైల్లో చాలామంది సీవీఎస్ అనేదాన్ని వాడేవారు. దాని తర్వాత సబ్‌వెర్షన్ వచ్చింది. 2005 ఏప్రిల్లో లినస్ టోర్వాల్డ్స్ గిట్‌ని తయారుచేశాడు, ఇప్పుడు దాదాపు ప్రపంచమంతా దాని మీదే నడుస్తోంది. కాబట్టి పాత పద్దులో ఉన్నది కొత్త పద్దులోకి ఎక్కించాలి. ఇవాళ్టి కోడు ఎక్కించడం గంట పని. నిన్నటిదీ మొన్నటిదీ, దాని వెనక ఉన్న పేర్లూ తేదీలూ కారణాలూ చెక్కు చెదరకుండా ఎక్కించడమే అసలు కష్టం.

ఎంత వెనక్కి వెళ్లి ఎక్కించాలి? మొదటి పేచీ ఇక్కడే.

మన సబ్ రిజిస్ట్రారు ఆఫీసుల్లో 1998లో కార్డ్ పేరుతో కంప్యూటర్లు వచ్చాయి. అంతకు ముందు ప్రతి దస్తావేజునీ ఒకటో నంబరు పుస్తకంలో చేత్తో ఎత్తి రాసేవారు. మనుషుల పేర్ల వారీగా ఒక సూచిక, ఆస్తుల వారీగా ఇంకో సూచిక ఉండేవి. ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఈసీ కావాలంటే ఆ రెండో సూచిక తిరగేసేవారు. కంప్యూటర్లు వచ్చాక పాతవన్నీ ఎక్కించడం అయ్యే పని కాదు గనక ఒకచోట గీత గీశారు. అందుకే ఇవాళ ఆన్‌లైన్లో ఈసీ తీస్తే 1983 నుంచే వస్తుంది. 1979లో మీ తాతగారు కొన్న తోటకి ఆ తెర మీద పుట్టుక ఉండదు. దాన్ని అమ్మబోతే కొనేవాడి దస్తావేజు లేఖరి అడుగుతాడు:

“ఏవండీ, లింకు డాక్యుమెంట్లు ఉన్నాయా?”

“ఉన్నాయండి, తాతగారిది ఉంది. దాని ముందుది లేదండి.”

“అయితే మాన్యువల్ ఈసీ పెట్టాలండి. పుస్తకాలు తీయించాలి.”

ఇది తప్పా? నా మటుకు తప్పనిపించదు. పుస్తకాలు ఉన్నంత కాలం, వాటికి దారి తెలిసినంత కాలం ఎక్కడో ఒకచోట గీత గీయడం సబబే. ఇంకా పెద్ద ఉదాహరణ చెబుతాను. ప్రపంచంలో ఎన్నో యంత్రాలని నడిపించే లినక్స్ కెర్నెల్ ఉంది, అదీ లినస్ మొదలెట్టినదే. దానికి అంతకు ముందు వాడుతున్న బిట్‌కీపర్ అనే పద్దు ఉచితంగా దొరకడం ఆగిపోయినందువల్లే లినస్ గిట్ రాయాల్సొచ్చింది. రాసిన కొద్ది రోజులకే, 2005 ఏప్రిల్ 16న కెర్నెల్‌ని అందులో పెట్టాడు. పాత చరిత్ర చేతిలో ఉండి కూడా ఎక్కించలేదు, మరీ పెద్దదవుతుందని 2.6.12 తయారీ రూపం దగ్గర్నుంచే మొదలెట్టాడు. దాని ఫలితం ఇప్పటికీ కనిపిస్తుంది. కెర్నెల్లో పాత వరస ఒకటి పట్టుకుని ఇది ఎవరు రాశారని గిట్‌ని అడిగితే, లినస్ టోర్వాల్డ్స్, 2005 ఏప్రిల్ 16 అంటుంది. ఎవరో ఎప్పుడో తొంభైల్లో రాసిన వరస అది. అయితే 2002 నుంచి 2005 దాకా ఉన్న బిట్‌కీపర్ చరిత్రని థామస్ గ్లైక్స్‌నర్ విడిగా గిట్‌లోకి మార్చి పెట్టాడు. కావలసినవాళ్లు దాన్ని తెచ్చుకుని కొత్త చరిత్ర కొసకి ముడేసుకోవచ్చు. అచ్చం మన మాన్యువల్ ఈసీయే.

గీత గీసినందుకు ఎవరినీ తప్పు పట్టనవసరం లేదు. గీతకి అవతల ఉన్నది ఏ బీరువాలో ఉందో రాసిపెట్టకపోతేనే చిక్కు.

ఇక నంబర్ల సంగతి. ఇది కోనసీమలో ఇప్పుడు బాగా కాక మీదున్న విషయం. మన పాత సర్వే నంబరుకి ఒక గుణం ఉంది. 125 అనే పొలాన్ని ఇద్దరు అన్నదమ్ములు పంచుకుంటే 125/1, 125/2 అవుతాయి. పెద్దాయన కొడుకులు మళ్లీ పంచుకుంటే 125/1ఎ, 125/1బి. కాగితం విప్పకుండానే ఎవరి వాటాలోంచి ఎవరి వాటా వచ్చిందో నంబరే చెప్పేస్తుంది. 2020 డిసెంబరు 21న మొదలైన రీసర్వేలో డ్రోన్లతోనూ రోవర్లతోనూ కొలిచి, ప్రతి కమతానికీ ఎల్పీఎం, అంటే ల్యాండ్ పార్సెల్ మ్యాప్, నంబరు ఇచ్చారు. రీసర్వే పూర్తయిన ఊళ్లలో 125/1ఎ పోయి, ఊరికి ఈ కొస నుంచి ఆ కొసకి లెక్కపెట్టుకుంటూ పోయిన ఏదో ఒక నంబరు వచ్చింది. 412 అనుకోండి. 412కి 125 తండ్రి అని 412ని చూసి ఎవరూ చెప్పలేరు.

సాఫ్ట్‌వేర్ పిల్లలు ఇది వింటే నవ్వుతారు, ఎందుకంటే వాళ్లకీ అదే జరిగింది. సబ్‌వెర్షన్లో ప్రతి మార్పుకీ వరస నంబరుంటుంది. 4100 కన్నా 4200 తర్వాత వచ్చిందని పసివాడికైనా తెలుస్తుంది. గిట్‌లో ప్రతి మార్పుకీ అంకెలూ అక్షరాలూ కలిసిన నలభై గుర్తుల పొడుగాటి పేరుంటుంది, దాన్ని చూస్తే ముందూ వెనకా ఏమీ తెలియదు. అన్యాయంగా మాట్లాడకూడదు గనక చెబుతున్నాను, ఆ పేరుకో గొప్పతనం ఉంది. అందులో ఉన్న సరుకు నుంచీ, దాని ముందున్న మార్పు పేరు నుంచీ లెక్కకట్టి ఆ పేరు పుడుతుంది. పాత పద్దులో ఎవరైనా ఒక్క అక్షరం దిద్దితే ఆ తర్వాతి పేర్లన్నీ మారిపోయి దొంగతనం బయటపడుతుంది. ఏ భూమి ఎవరి సాగులో ఉందో రాసే అడంగల్లో కలం మార్చి రాసిన పేర్లు చూసినవాళ్లకి దీని విలువ నేను వేరే చెప్పక్కర్లేదు. కానీ “4200లో చేసిన మార్పు వల్ల ఇది పాడైంది” అని పదేళ్లుగా వందల ఉత్తరాల్లో, లోపాల జాబితాల్లో రాసుకున్నారే, గిట్‌కి మారిన మర్నాడు ఆ 4200 అనేది ఎవరికీ అర్థం కాని నంబరైపోతుంది.

దీనికి మందు కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. మన దస్తావేజుల్లో ఆర్.ఎస్. నంబరు అని రాస్తారు గదా, అందులో ఆర్.ఎస్. అంటేనే రీసర్వే. అంటే తెల్లవాళ్ల కాలంలోనే ఒకసారి నంబర్లు మారాయన్నమాట. శిస్తు నిర్ణయించిన అప్పటి సెటిల్మెంటు రిజిస్టరుని మన వైపు డైగ్లాటు అంటారు, ఇంగ్లీషులోనూ తెలుగులోనూ రాసింది గనక. ఆ డైగ్లాటు తెరిస్తే కొత్త సర్వే నంబరు గడి పక్కనే పాత సర్వే నంబరుకి ఒక గడి. అంతే. గుమాస్తా ఎవరో తెలియదు గాని, ఆ ఒక్క గడి గీసినందుకు ఆయనకి మనం రుణపడి ఉండాలి. ఇప్పటి రీసర్వే రికార్డుల్లో కూడా ఎల్పీఎం నంబరుకీ పాత నంబరుకీ పొంతన చూపే పట్టిక ఉంది. దాన్ని తక్కువగా చూడొద్దండి. పట్టా పాస్‌పుస్తకం కన్నా ఆ పట్టిక నకలే మీ మనవడికి ఎక్కువ పనికొస్తుంది.

సాఫ్ట్‌వేర్ వాళ్లూ ఇదే చేశారు. మనిషి రాసిన కోడుని యంత్రం భాషలోకి మార్చే కంపైలర్లలో జీసీసీ అని పేరుమోసినది ఒకటి ఉంది, 1980ల నాటి నుంచీ పెరుగుతూ వస్తున్నది. 2020 జనవరిలో దాన్ని సబ్‌వెర్షన్ నుంచి గిట్‌కి మార్చారు. ఎరిక్ రేమండ్ రాసిన రెపోసర్జన్ అనే పనిముట్టు వాడి, పాత చరిత్రంతా వెంట తెచ్చుకున్నారు. వాళ్లు చేసిన ఒక చిన్న పని నాకు ఎంతో నచ్చింది. సబ్‌వెర్షన్ నుంచి వచ్చిన మార్పుల వివరణల అడుగున ఇది పాత పద్దులో ఫలానా నంబరు అని ఒక వరస చేర్చారు. డైగ్లాటులో పాత నంబరు గడి లాంటిదే ఇదీ.

ఇప్పుడు మొదట గుర్తుంచుకోమన్న మాట దగ్గరికి వద్దాం. పై చిరునామా మారింది, లోపలి సరుకు మారలేదు అన్నాను.

సీవీఎస్‌కి ఫైలు పేరు మారడమంటే ఏమిటో తెలియదు. పాత పేరున చచ్చిపోయింది, కొత్త పేరున పుట్టింది అనేది. సబ్‌వెర్షన్ కొంచెం నయం, ఫలానా దాని నుంచి నకలు తీశారని రాసుకుంటుంది. గిట్ అయితే ఏమీ రాసుకోదు. తర్వాత ఎవరైనా అడిగినప్పుడు, మాయమైన ఫైలునీ కొత్తగా వచ్చిన ఫైలునీ పక్కపక్కన పెట్టి చూసి, సగానికి సగం పోలిక ఉంటే ఇది అదే అయ్యుంటుందని ఊహిస్తుంది. ఊహ మాత్రమే సుమండీ. అందుకే అనుభవమున్నవాళ్లు ఒక నియమం పాటిస్తారు. ఫైలు పేరు మార్చేటప్పుడు పేరే మార్చు, లోపల వేలు పెట్టకు. ఆ మార్పు నమోదయ్యాక లోపలి సరుకు విడిగా దిద్దుకో. రెండూ ఒకేసారి చేశావో పోలిక సగం కన్నా తగ్గిపోయి గిట్ ఆనవాలు పట్టలేదు, ఆ ఫైలు ఇవాళే పుట్టిందంటుంది.

ఈ నియమంతో మన భూముల చరిత్ర చూడండి. 1925లో జిల్లా పేరు మారింది, సర్వే నంబరు మారలేదు. 1985లో మండలం వచ్చింది, నంబరు మారలేదు. 2022లో జిల్లా మారింది, అప్పుడూ అంతే. పేరు మార్పు విడిగా జరిగింది గనక గొలుసు తెగలేదు. రీసర్వేలో ఏమైంది? నంబరు మారింది. కొలత మారింది, ఎందుకంటే పాత కొలతల పుస్తకం ఎఫ్ఎంబీలోది గొలుసు కొలత. అరవై ఆరడుగుల గొలుసుకి వంద లింకులు. కొత్తది ఉపగ్రహం సాయంతో తీసిన కొలత. దాంతో విస్తీర్ణం సెంట్లలో అటూ ఇటూ అయింది. కొన్నిచోట్ల ఆకారం మారింది. చనిపోయిన తండ్రి పేరు తీసి కొడుకుల పేర్లు పెట్టడం కూడా అదే ఊపులో జరిగింది. పైగా ఇద్దరు ముగ్గురి కమతాలు కలిపి ఉమ్మడి ఎల్పీఎం ఇచ్చిన ఊళ్లున్నాయి, వాటి మీద గ్రామసభల్లో గోల మీకు తెలిసిందే. నంబరు, కొలత, ఆకారం, యజమాని, నాలుగూ ఒకే దెబ్బకి మారాక 412యే 125/1ఎ అని నిరూపించాలంటే ఇంక ఏ పోలిక పట్టుకుంటాం? సర్వే యంత్రాలు మంచివే. తప్పు వరసలో ఉంది. పాత కొలతలతోనే కొత్త నంబరిచ్చి ఒక తేదీ వేసి, కొలత తేడా మరో తేదీన, పేరు మార్పు ఇంకో తేదీన విడివిడిగా నమోదు చేసి ఉంటే సగం అర్జీలు పుట్టేవే కావని నా అభిప్రాయం. మిగిలిన ఊళ్లలో సర్వే జరిగేటప్పుడైనా ఇది ఆలోచించుకోవచ్చు.

ఎవరు చేశారన్న గడి గురించి కూడా ఒక మాట. సబ్‌వెర్షన్లో మనిషికి పొట్టి పేరొకటే ఉంటుంది. గిట్‌కి పూర్తి పేరూ మెయిలూ కావాలి. కాబట్టి తరలించేవాళ్లు ఒక పట్టిక రాసుకోవాలి, ఈ పొట్టి పేరు ఫలానా మనిషిదని. పదేళ్ల కిందట ఉద్యోగం మానేసిన వాళ్లెవరో తెలియక, బద్ధకించి, అన్నీ తరలించినవాడి పేరు మీదే పడేస్తారు కొందరు. ఆ పద్దు చూస్తే ఒక్క కుర్రాడు ఒకే రాత్రి పదేళ్ల కోడు రాసినట్టుంటుంది. తెలియకపోతే పొట్టి పేరునే అలా ఉంచేయాలి గాని తెలిసినట్టు నటించకూడదు.

తెలియదని నిజాయితీగా రాయడానికి మన రెవెన్యూలో చుక్కలుండేవి. సెటిల్మెంటు నాడు పట్టాదారు ఎవరో తేలకపోతే పేరు గడిలో చుక్కలు పెట్టి వదిలేశారు. అవే చుక్కల భూములు. చుక్క పెట్టడం తప్పు కాదు. ఆ చుక్కకి అర్థం చెప్పాల్సినవాళ్లు పోయాక, చుక్కంటే ప్రభుత్వ భూమేనని లెక్కేసి రిజిస్ట్రేషన్లు ఆపేయడం వల్ల తరాలు నలిగాయి. చివరికి 2017లో దానికోసం ప్రత్యేకంగా చట్టం తేవాల్సొచ్చింది. అర్థం చెప్పాల్సినవాళ్లలో మొదటివాడు కరణం. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం గ్రామాధికారుల పదవులు రద్దు చేసినప్పుడు పుస్తకాలు చేతులు మారాయి, కరణం బుర్రలో ఉన్నది మారలేదు. ఆ వ్యవస్థ పోవాల్సిందే, అందులో నాకు సందేహం లేదు. కరణం కలం ఎన్ని కొంపలు ముంచిందో మన పల్లెల్లో ఎవరిని అడిగినా చెబుతారు. కానీ ఫలానా పొలం మీద ఫలానా ఏడు ఆ మాట ఎందుకు రాశాడో రాసినవాణ్ణి కూర్చోబెట్టి అడిగి పుస్తకంలో ఎక్కించుకునే ఓపిక ఎవరికీ లేకపోయింది. సాఫ్ట్‌వేర్లో కూడా ఖాళీగా ఉండేది ఎప్పుడూ ఆ “ఎందుకు” గడే. “దిద్దాను” అని రాసి వదిలేస్తారు మహానుభావులు.

లంక భూముల సంగతి వేరు. గౌతమి, వసిష్ఠ, వైనతేయ ఒడ్డున ఉన్నవాళ్లకి పొలం ఏట్లో కలిసిపోవడమంటే ఏమిటో తెలుసు. భూమి ఉండదు, రిజిస్టర్లో నంబరుంటుంది. ఎదురొడ్డున మేట వేస్తుంది, దానికి నంబరుండదు. ఇవాళ భూమి లేదు గదా అని ఆ నంబరుని కొత్త పద్దులోకి ఎక్కించకుండా వదిలేస్తే, రేపు నది వెనక్కి తగ్గినప్పుడు అడగడానికి రైతుకి ఆధారం ఉండదు. గిట్‌లో చెరిపేసిన ఫైలు కూడా చరిత్రలో అలాగే ఉంటుంది, ఏ రోజు ఎవరు చెరిపారో సహా. తరలించేటప్పుడు ఇప్పుడు వాడకంలో ఉన్నవి చాలులే అనుకునేవాళ్లు మొదట పారేసేవి ఇలాంటివే.

ఎక్కించాక సరిచూడాలి. పూర్వం ఏటా జమాబందీ అని జరిగేది. ఊళ్ల లెక్కలన్నీ పట్టుకెళ్లి పైఅధికారి ముందు పెట్టి, అంకెకి అంకె సరిపోయిందా లేదా చూసేవారు. కోడుకీ జమాబందీ చేయండి. బయటికి విడుదల చేసిన ప్రతి వెర్షన్నీ పాత పద్దులోంచి ఒకటి, కొత్త పద్దులోంచి ఒకటి తీసి, ఫైలుకి ఫైలు పోల్చండి. ఖాళీ ఫోల్డర్లని గిట్ దాచుకోదు, ఆ తేడా వస్తే కంగారు పడొద్దు. పాత తెలుగు అక్షరాల ఎన్‌కోడింగులో రాసిన వివరణలుంటే అవి పిచ్చిగీతలుగా మారలేదు గదా అని తప్పకుండా చూడండి. అచ్చాఫీసుల్లో అను ఫాంటు ఫైళ్లు యూనికోడ్‌లోకి మార్చినవాళ్లకి ఆ బాధ తెలుసు. అన్నీ సరిపోయాక కూడా పాత సర్వరుని పారేయకండి. రాయడానికి వీల్లేకుండా, చదవడానికి మాత్రం వీలుండేలా తాళం వేసి ఉంచండి.

పొలం ఉన్నవాళ్లు ఈ వారంలో చేయదగిన పని ఒకటుంది. మీ ఊళ్లో రీసర్వే అయిపోయి ఉంటే, పాత ఎఫ్ఎంబీ నకలూ, చివరి పాత అడంగలూ, కొత్త ఎల్పీఎం కాగితమూ మూడూ తీసుకోండి. ఒక తెల్లకాగితం మీద పాత నంబరు, దాని విస్తీర్ణం, కొత్త నంబరు, దాని విస్తీర్ణం, నాలుగు హద్దుల్లో అప్పుడెవరున్నారు, ఇప్పుడెవరున్నారు అన్నది రాసి, తేదీ వేసి, దస్తావేజుతో కలిపి కుట్టేయండి. హద్దుల్లో పేర్లు మాత్రం మర్చిపోవద్దండి, నంబర్లన్నీ మారిపోయినా కోర్టులో చివరికి నిలబడేవి చాలాసార్లు అవే. ఇంకా రీసర్వే కాని ఊరైతే సర్వేయరు వచ్చే రోజున ఆ పాత కాగితాలు చేత్తో పట్టుకుని గట్టు మీద ఉండండి.